మనిషి కంటే ముందు బయల్దేరిన సంచీ

2021 ఆగస్టు. మాదాపూర్‌లో మెట్రో లైను పక్క సందులో, ఒక జిరాక్స్ షాపు పైన మొదటి అంతస్తులో నా టికెటింగ్ ఆఫీసు. సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నీ ఇళ్ళ నుంచే నడుస్తున్న రోజులు. హాస్టళ్ళకు టు-లెట్ బోర్డులు వేలాడుతున్నాయి. టిఫిన్ బళ్ళు లేవు. మధ్యాహ్నం పూట రోడ్డు దాటడానికి ఒకప్పుడు పది నిమిషాలు పట్టే చోట కుక్కలు నడిరోడ్డు మీద పడుకునేవి. అంతకుముందు ఇరవై ఏళ్ళు అంతర్జాతీయ టికెట్లు తీసిచ్చి బతికాను. ఆ ఏడాదిన్నర మాత్రం టికెట్లు రద్దు చేయించి, రీఫండ్ల కోసం ఉత్తరాలు రాసి బతికాను.

ఉత్తరాలు రాయడం నాకు కొత్త కాదు. ఎవరు నన్ను ఏ మాట అన్నారో, ఏ రోజు అన్నారో నేను మర్చిపోను. దాన్ని మా ఇంట్లో జబ్బు అంటారు. నేను రికార్డు అంటాను. పదకొండేళ్ళు నా దగ్గర టికెట్లు తీసుకున్న ఒక కంపెనీ, ఒకనాడు ‘డియర్ వెండర్’ అని మొదలుపెట్టి రెండు వాక్యాల మెయిల్‌తో నన్ను వదిలించుకుంది. పదకొండేళ్ళలో నా పేరు కూడా వాళ్ళకు తెలియలేదు. ఆ మెయిల్ ప్రింటు ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

అదే ఫైల్లో ఇంకో కాగితం ఉంది. ఈ కథలో అది పనికొస్తుంది కాబట్టి ముందే చెబుతాను. కరోనాకు రెండేళ్ళ ముందు, బోరబండ నుంచి వచ్చిన ఒక గర్భిణిని ఒక ఎయిర్‌లైన్ వాళ్ళు విమానం ఎక్కనివ్వకుండా వెనక్కి పంపారు. డాక్టర్ ఇచ్చిన ఫిట్ టు ఫ్లై లెటర్, అంటే ఈమె ప్రయాణం చేయవచ్చని రాసిచ్చే కాగితం, సరిగా లేదన్నారు. సరైనది ఎలా ఉండాలో రాసివ్వమంటే కౌంటర్లో నవ్వారు. నేను పదకొండు ఉత్తరాలు రాశాను. ఎనిమిది నెలలు పట్టింది. చివరికి వాళ్ళ పెద్ద ఆఫీసు నుంచి ఒక పేజీ వచ్చింది. ఎన్ని వారాల వరకు ఎక్కనిస్తారు, లెటర్లో ఏమేం ఉండాలి, అది ఎన్ని రోజుల కిందటిదైతే చెల్లుతుంది, అన్నీ సంతకంతో సహా. దాన్ని లామినేషన్ చేయించాను. కింద జిరాక్స్ షాపాయన, “అక్కా, దీనికి పూజ గిట్ల చేస్తవా ఏంది?” అన్నాడు. ఆ మాటా గుర్తుంది.

ఇక అసలు విషయం. మియాపూర్‌లో ఉండే వరలక్ష్మి గారిది భీమవరం వైపు. ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. తొమ్మిదేళ్ళుగా వాళ్ళింటి టికెట్లన్నీ నేనే తీసిచ్చాను. పెద్దమ్మాయి మానస కెనడాలో ఉంటుంది. భర్త కిరణ్‌కు, ఆమెకు అక్కడ పీఆర్, అంటే శాశ్వత నివాసపు హక్కు, ఉంది. ఆ ఏడాది మార్చిలో చిన్నమ్మాయి పెళ్ళి కార్డు ఇచ్చి, పెళ్ళికి మానస వచ్చి వెళ్ళడానికి టికెట్ అడగడానికి ఆవిడ నా ఆఫీసుకు వచ్చారు. వెంట కాబోయే అల్లుడు వంశీ ఉన్నాడు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నేను కంప్యూటర్లో చూస్తుండగానే అతను ఫోన్లో యాప్ తెరిచి ఆవిడకు చూపించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“ఏమనుకోకండి ఆంటీ. ఇప్పుడు ట్రావెల్ ఏజెంట్ అంటే ఎస్టీడీ బూత్ లాంటిది. ఉంటుంది. కానీ ఎవరు వెళ్తారు చెప్పండి?”

వరలక్ష్మి గారు తల దించుకున్నారు. నేను తెప్పించిన టీ అతను ముట్టుకోలేదు. మార్చి తొమ్మిది, మంగళవారం. టికెట్ యాప్‌లోనే కొన్నారు.

మానస ఏప్రిల్ మొదట్లో వచ్చింది. అప్పటికి రెండో నెల. మూడు వారాలుండి వెళ్ళిపోవాలి. పెళ్ళి యాభై మందితో అయిపోయింది. మూడో వారం దాటగానే కెనడా మన దేశం నుంచి నేరుగా వచ్చే విమానాలను ఆపేసింది. ముందు ఒక నెల అన్నారు. నెల కాగానే ఇంకో నెల. మే, జూన్, జూలై, ఆగస్టు, ప్రతి నెలా గడువు ముగిసే రెండు మూడు రోజుల ముందు పొడిగించారు. ఈలోగా వాళ్ళింట్లో అందరికీ జ్వరాలు వచ్చి తగ్గాయి. మానసకు వాంతులు, నీరసం.

ఆగస్టు ఆఖరు వారంలో ఒక గురువారం ముగ్గురూ నా మెట్లెక్కి వచ్చారు. ముందు వరలక్ష్మి గారు, వెనక గోడ పట్టుకుని మానస, ఆఖరున వంశీ. అతను కూర్చోలేదు.

“ఎన్ని టికెట్లు కొన్నరు ఇప్పటిదాకా?” అని అడిగాను.

మానస మరిది వంశీ వైపు చూసింది. “నాలుగు, ఆంటీ.”

“ఏ తారీఖులకు?”

“నిషేధం అయిపోయే తేదీ తెల్లారికి. ప్రతిసారీ,” అన్నాడు వంశీ. “లాజికలే కదా. ఓపెన్ అవ్వగానే ఫస్ట్ ఫ్లైట్.”

ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ళందరూ చేసిన పొరపాటే అది. ప్రభుత్వం ఇచ్చిన తేదీని పరీక్ష తేదీలా, రిలీజ్ తేదీలా నమ్మారు. ఆ తేదీ, మళ్ళీ ఆలోచిస్తాం అని చెప్పే తేదీ. తలుపు తెరుస్తాం అని చెప్పే తేదీ కాదు. నాలుగుసార్లూ విమానం రద్దయింది. డబ్బు వెనక్కి రాలేదు, ఎప్పుడో వాడుకోవడానికి జమ అన్నారు.

“ఎన్ని వారాలు?” మానసను అడిగాను.

“ఇరవై ఎనిమిది నిండాయి.”

“ఇక్కడనే కానిచ్చుకుని పోవచ్చు గద బిడ్డా. అమ్మ ఉంది.”

మానస అప్పటిదాకా చాలామందికి చెప్పి అలసిపోయిన గొంతుతో చెప్పింది. “ఇక్కడ పుడితే బేబీకి అక్కడి హక్కు ఏదీ రాదు ఆంటీ. మేం స్పాన్సర్ చేసి పిలిపించుకోవాలి. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువ పట్టొచ్చు. బేబీని వదిలి నేను వెళ్ళలేను. కిరణ్ కొత్త ఉద్యోగం వదిలి రాలేడు. వచ్చినా మళ్ళీ వెళ్ళనిస్తారో లేదో. అంటే తను బేబీని ఎప్పుడు చూస్తాడో ఎవరికీ తెలీదు.”

“వేరే దేశం మీదుగా పోతున్నరు గద కొందరు.”

“పోతున్నారు. అక్కడ నాలుగు రోజులుండి, అక్కడే టెస్ట్ చేయించుకుని ఎక్కాలి. ఒకవేళ అక్కడ పాజిటివ్ వస్తే, ఈ పొట్టతో, తెలియని దేశంలో హోటల్ గదిలో...” అని ఆపేసింది.

నా లామినేషన్ కాగితం ప్రకారం ముప్పై అయిదు వారాల వరకే ఎక్కనిస్తారు. అంటే అక్టోబర్ రెండో వారంతో ఆ తలుపు మూసుకుంటుంది. నిషేధం తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. ఈ రెండు తలుపులూ ఒకేసారి తెరిచి ఉండే రోజును పట్టుకోవాలి. ఆ రోజు ఉంటుందో లేదో కూడా తెలియదు.

అప్పుడు వరలక్ష్మి గారు నోరు విప్పారు. “ఇంకోటి ఉందండి భారతి గారూ. వచ్చే నెల దానికి ఎనిమిదో నెల పడుతుంది. ఎనిమిదో నెలలో గడప దాటించమండి మేము.”

“అత్తయ్యా, ఎయిర్‌లైన్‌కి వారాలే తెలుసు. మన నెలలు తెలీదు,” అన్నాడు వంశీ.

“నీకూ తెలీదు బాబూ,” అన్నారావిడ, అతని వైపు చూడకుండా. “మా చెల్లెలు ఎనిమిదో నెలలో బస్సెక్కిందండి. ఆ తర్వాత సంగతి నన్ను అడక్కండి.”

మానస తల్లి చేయి పట్టుకుంది. ఆ అమ్మాయి తల్లి మాట కాదని వెళ్ళే మనిషి కాదని నాకు అర్థమైంది. ముహూర్తం వచ్చినప్పుడు ఈ మాట మీద ఒక రోజు వాదించుకుంటే ఆ రోజుతో సీట్లు పోతాయి. నా ఉద్యోగంలో టికెట్ కంటే ముందు తేల్చుకోవాల్సినవి ఇలాంటివే.

మాది కొండాపూర్. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట కందిచేలుండేవి. మా నాయనమ్మ జాతరకు పోవాలంటే, మంచి రోజు ముందే ఉండి బండి తర్వాత దొరికేటట్టుంటే, మంచి రోజు పొద్దున చీర, పసుపు, కుంకుమ మూట కట్టి పక్కింట్లో పెట్టి వచ్చేది. అంటే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు. మనిషి తర్వాత ఎప్పుడు కదిలినా దోషం లేదు.

“మీ దిక్కు ప్రస్థానం పెట్టే ఆచారం ఉందా అమ్మా?” అని అడిగాను.

ఆవిడ ముఖం మారింది. “ఉందండి. మా నాన్నగారు పెట్టేవారు. చాలా ఏళ్ళైంది ఆ మాట విని.”

“ఇప్పుడు ఏడో నెలే గద. మంచి రోజు చూసి బిడ్డ సంచీ ఇంట్లకెళ్ళి బయటికి పంపుండ్రి. ప్రయాణం ఏడో నెలల మొదలైనట్టే. విమానం ఎప్పుడుంటే అప్పుడు ఎక్కుతది.”

“ఎవరింట్లో పెట్టాలి? ఇప్పుడెవరూ ఎవర్నీ రానివ్వట్లేదు.”

“ఈడ పెట్టుండ్రి. మియాపూర్ కెళ్ళి శంషాబాద్ పోయే తొవ్వలనే ఉన్న. కానీ ఒక్క మాట. అండ్ల పాస్‌పోర్టు, పీఆర్ కార్డు, డాక్టర్ ఫైలు పెట్టాలె. చీరలు పెట్టి పాస్‌పోర్టు బీరువాల పెడితే అది ప్రస్థానం కాదు.”

వంశీ నవ్వాడు. “ఎస్టీడీ బూత్‌లో క్లోక్ రూమ్ కూడా పెట్టారా ఆంటీ?”

ఆగస్టు ఇరవై ఆరు, గురువారం. అదీ రాసుకున్నాను.

మూడో రోజు పొద్దున వరలక్ష్మి గారు స్వయంగా సంచీ తెచ్చారు. నీలం రంగు క్యాబిన్ బ్యాగు, పిడికి పసుపు దారం. ఫైళ్ళ అలమారలో పై అర ఖాళీ చేసి పెట్టాను. “ప్రస్థానం పెట్టి ఊరికే వదిలేయకూడదంటారండి. పది రోజుల్లో కదలాలంటారు,” అన్నారు. పంతులుగారిని ఫోన్లో అడిగి తేల్చుకున్నాం. సంచీ కదులుతూ ఉంటే ప్రయాణం సాగుతున్నట్టే అని ఆయన చెప్పారు. అందుకని ప్రతి సోమవారం దాన్ని కొంచెం ముందుకు జరిపేదాన్ని. అలమార నుంచి నా వెనక బల్ల మీదకు. బల్ల నుంచి సోఫా మీదకు. సోఫా నుంచి తలుపు పక్క కుర్చీలోకి. మెయిళ్ళలో ఏ మంచి కబురూ లేని వారాల్లో కూడా ఆ ఆఫీసులో ముందుకు కదిలింది అదొక్కటే.

ఇక టికెట్ సంగతి. మా పనిలో టికెట్ కొనడం, సీటు పట్టుకోవడం వేరు వేరు. ముందు పీఎన్‌ఆర్ చేస్తాం. అంటే పేరు, తేదీ, విమానం వేసి సీటు ఆపుతాం. దానికి టికెటింగ్ టైమ్ లిమిట్ అని ఒక గడువు ఉంటుంది. ఆలోగా టికెట్ ఇష్యూ చేయకపోతే సీటు దానంతటదే పోతుంది. యాప్‌లో కొనేవాళ్ళకు ఈ మధ్య మెట్టు కనపడదు. నేను సెప్టెంబర్ మూడు, నాలుగు వారాల్లో నాలుగు తేదీలకు ఒకదాని తర్వాత ఒకటి సీటు పడుతూ, గడువు తీరగానే మళ్ళీ పడుతూ వచ్చాను.

వంశీకి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. నిషేధం ఉన్నా లేకపోయినా విమానాలు కంప్యూటర్లో కనిపిస్తూనే ఉంటాయి. ఏది నిజంగా ఎగురుతుందో, ఏది ఊరికే వేలాడదీసిందో స్క్రీన్ చెప్పదు. నేను ప్రతి పీఎన్‌ఆర్‌లో రెండు అడిగేదాన్ని. మానసకు వీల్‌చైర్, శాకాహార భోజనం. ఈ అడిగినవి ఎయిర్‌లైన్ లోపల వేరే మనుషుల దగ్గరికి వెళ్తాయి. విమానం ఎగరదని వాళ్ళకు అనుమానం ఉంటే జవాబు రాదు. ఎగురుతుందని లోపల లెక్క కుదిరితే వంటింటికి సంఖ్య వెళ్ళాలి కాబట్టి జవాబు వస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. వరదలకూ సమ్మెలకూ విమానాలు ఆగిన ప్రతిసారీ చూసి నేర్చుకున్నది. మే నుంచి ఆగస్టు దాకా వేరే క్లయింట్లకు నేను అడిగిన ఒక్క భోజనానికీ జవాబు రాలేదు.

ఆ నెల నిషేధం గడువు సెప్టెంబర్ ఇరవై ఒకటి. పదిహేనో తేదీన వంశీ ఫోన్ చేశాడు.

“ఆంటీ, ఇరవై రెండుకి ఫ్లైట్ చూపిస్తోంది. కొట్టేస్తున్నా.”

“వద్దు బాబూ. ఇరవై రెండుకు అన్నం జవాబు రాలే.”

“ఏం జవాబు?”

చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత, “ఆంటీ, డేటా ఏదైనా ఉంటే చెప్పండి. భోజనం బట్టి టికెట్ ఏంటి?” అని పెట్టేశాడు. కొన్నాడు కూడా. అయిదోసారి.

పదిహేడు, శుక్రవారం. ఆఫీసు తెరిచి కంప్యూటర్ పెట్టగానే చూశాను. ఇరవై రెండు, ఇరవై నాలుగు తేదీల భోజనాలు ఎప్పటిలాగే మూగగా ఉన్నాయి. ఇరవై ఎనిమిది నాటి విమానానికి మాత్రం భోజనం ఖాయమని జవాబు వచ్చింది. వీల్‌చైర్ కూడా. నమ్మకం కుదరక ఇరవై ఏడుకు వేరే క్లయింటు పేరు మీద ఆపిన సీటు చూశాను. దానికీ వచ్చింది. ఎయిర్‌లైన్ లోపల ఎవరో ఎక్కడో ఇరవై ఏడు నుంచి వంట మొదలుపెట్టమన్నారు.

ఇరవై ఎనిమిది సీటుకు గడువు ఆ మధ్యాహ్నం ఒంటిగంట. ఆ విమానంలో చివరి వరుసల్లోనే మిగిలాయి. ఇది వదిలితే మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. మానసకు ఫోన్ చేశాను, స్విచాఫ్. ఆ రోజు స్కానింగ్ ఉందని తర్వాత తెలిసింది. వరలక్ష్మి గారికి చేశాను. మోగి మోగి ఆగింది. ఆవిడ ఆఫీసులో తనిఖీ అట, ఫోను సొరుగులో. కిరణ్‌కు మూడుసార్లు చేశాను, అక్కడ అందరూ పడుకునే వేళ. ఇక వంశీ మిగిలాడు. కట్ చేసి, ‘ఇన్ ఎ మీటింగ్’ అని మెసేజ్ పెట్టాడు.

పన్నెండు ముప్పావు అయింది. చేతిలో రెండు మాటలున్నాయి. ఒకటి ప్రభుత్వం ఇచ్చిన తేదీ, దాన్ని నమ్మి ఇరవై రెండుకు వంశీ కొన్న టికెట్. రెండోది ఒక వంటింటి జవాబు. నేను ఇష్యూ చేశాక ఇరవై రెండునే విమానాలు ఎగిరితే, అడక్కుండా టికెట్ అంటగట్టిన ఏజెంటునవుతాను. అతను ఆ కథను తన ఆఫీసంతా చెబుతాడు. చేయకుండా ఇరవై రెండు రద్దయితే ఆ అమ్మాయికి ఇంకో తలుపు లేదు.

తల తిప్పితే కుర్చీలో నీలం సంచీ ఉంది. ఇష్యూ చేశాను.

సాయంత్రం నాలుగింటికి వంశీ ఫోన్. స్పీకర్లో అందరూ ఉన్నారు.

“ఎవర్ని అడిగి ఇష్యూ చేశారు ఆంటీ?”

“నలుగురికీ ఫోన్ చేసిన. నువ్వు మీటింగుల ఉన్న అన్నవ్.”

“ఇరవై రెండుకి ఆల్రెడీ టికెట్ ఉంది కదా. ఇప్పుడు రెండు టికెట్లు.”

“ఇరవై రెండుకు ఎగిరిందనుకో, నా టికెట్ నా నెత్తిన ఏసుకుంట. నీకు ఫికర్ వద్దు.”

“అన్నం వచ్చిందని టికెట్ కొన్నారంటే ఎవరైనా నవ్వుతారు ఆంటీ.”

“నవ్వనీ. ఇరవై రెండు దాక నవ్వనీ.”

వెనక నుంచి వరలక్ష్మి గారి గొంతు వినిపించింది. “వంశీ, ఇక ఫోను పెట్టేయ్ బాబూ.”

ఆ నాలుగు రోజులు నేను సరిగా తినలేదని ఒప్పుకోవాలి. సోమవారం సంచీని కుర్చీ నుంచి తీసి తలుపు పక్కన నేల మీద పెట్టాను. ఇక అది కదలడానికి ఆఫీసులో చోటు లేదు.

గడువు ముగిసే వేళకు ప్రకటన వచ్చింది. నిషేధం ఇరవై ఆరు వరకు పొడిగింపు. ఆ తర్వాత నేరుగా విమానాలు, షరతులతో. ఇరవై రెండు విమానం రద్దు. యాప్‌లలో జనం ఒక్కసారిగా పడ్డారు. గంట తర్వాత నేను చూస్తే అక్టోబర్ మూడో వారం దాకా మామూలు సీటు ఒక్కటి లేదు. మానసకు ముప్పై అయిదు వారాలు రెండో వారంతోనే నిండుతాయి.

షరతుల్లో పెద్దది టెస్టు. ఢిల్లీ విమానాశ్రయంలో ఉన్న ఒకే ల్యాబ్‌లో, విమానం కదలడానికి పద్దెనిమిది గంటల లోపు చేయించుకోవాలి. దానికి ముందే పాస్‌పోర్టు, కార్డు స్కాన్లు ఎక్కించి వేళ తీసుకోవాలి. ఊరంతా బీరువాల తాళాల కోసం వెతుకుతుంటే నేను తలుపు పక్క సంచీ జిప్పు తీశాను. పావుగంటలో మానసకు వేళ దొరికింది. ప్రస్థానంలో పాస్‌పోర్టు ఉండాలని నేను పెట్టిన శాస్త్రం ఆ రోజు నిలబడింది.

ఇరవై ఏడు, సోమవారం పొద్దున వాళ్ళు వచ్చారు. మహాలయ పక్షాలు, ఎనిమిదో నెల, రెండూ కలిసిన రోజు. వరలక్ష్మి గారు కారులోనే కూర్చుని నన్ను పిలిచారు.

“దాన్ని మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళకూడదండి. మీ దగ్గర్నుంచే కదలాలి. మీ చేత్తో ఇవ్వండి.”

నేను మెట్లు దిగి సంచీ తెచ్చి మానస ఒళ్ళో పెట్టాను. ఆవిడ కూతురి ముఖం వైపు, సంచీ వైపు చూసి, “ఇది ఏడో నెలలోనే బయల్దేరింది,” అన్నారు, తనకు తాను చెప్పుకున్నట్టు. కారు కదిలింది. ఆవిడ ఏడవలేదు.

టెస్టు నెగెటివ్ వచ్చింది. విమానం ఢిల్లీ నుంచే, అర్ధరాత్రి దాటాక. రాత్రి అక్కడి కౌంటర్ నుంచి మానస ఫోన్.

“ఆంటీ, ఫిట్ టు ఫ్లై లెటర్ చెల్లదంటున్నారు. మూడు రోజుల లోపుది కావాలట. మనది అయిదు రోజులది.”

మూడేళ్ళ కిందట బోరబండ అమ్మాయికి చెప్పిన మాటే. అదే ఎయిర్‌లైన్. నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే చాలా కాలంగా ఎదురుచూస్తున్న మనిషి తలుపు కొట్టినట్టనిపించింది.

“సంచీ ముందు జేబుల నేను పెట్టిన ప్లాస్టిక్ కాగితం ఉంటది. తియ్యి. ఆయనకు ఇచ్చి ఫోన్ స్పీకర్ల పెట్టు.”

సూపర్‌వైజర్ హిందీలో మాట్లాడాడు. “మేడం, ఇది పాత ఉత్తరం.”

“పాతదే. మీ పెద్ద ఆఫీసుదే. ఏడు రోజులని రాసి ఉంది, సంతకం ఉంది. రూలు మారితే మారిన కాగితం చూపించండి. ఫోటో తీసుకుని ఆమె పక్కకు జరుగుతుంది.”

“సిస్టంలో చూడాలి.”

“చూడండి. ఈలోగా మీ పేరు చెప్పండి, రాసుకుంటాను. ఈ ఉత్తరం తెప్పించడానికి నేను పదకొండు ఉత్తరాలు రాశాను. పన్నెండోది మీ పేరుతో మొదలవుతుంది.”

అతను చూడటానికి పట్టిన సమయం నాకు తెలుసు. పదకొండు నిమిషాలు. తర్వాత ఫోన్లో మాట వినిపించలేదు. ఒక చిన్న యంత్రం కాగితాన్ని ముద్రించి తోసే చప్పుడు వినిపించింది. ఇరవై ఏళ్ళలో నేను ఎన్నడూ బోర్డింగ్ పాస్ చప్పుడును అంత శ్రద్ధగా వినలేదు.

“ఇచ్చారు ఆంటీ,” అంది మానస.

“భోజనం అడిగి తిను. దానికి మనం చాలా తిప్పలు పడ్డం.”

నవంబర్‌లో పాప అక్కడే పుట్టింది. కిరణ్ ఆసుపత్రిలోనే ఉన్నాడు. పాప పుట్టిన గంటకే తను ఎత్తుకున్న ఫోటో పంపాడు.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో కనిపెట్టగలిగేవాళ్ళు ఎవరూ లేరు. ప్రభుత్వమూ కాదు, యాప్ కూడా కాదు. తెరుచుకున్న రోజు మనిషి గడప అవతల ఉండేలా చూడగలం, అంతే. సీటు ఆపడం అదే, సంచీ బయట పెట్టడం అదే, పదకొండు ఉత్తరాలు రాయడమూ అదే. మా నాయనమ్మకు ఇది ఏ కంప్యూటరూ లేకుండా తెలుసు.

తర్వాత ఏడాది వంశీకి జర్మనీలో ప్రాజెక్టు వచ్చింది. వీసా చేతికొచ్చింది, కంపెనీ తేదీ మాత్రం తేల్చడం లేదు. ఒక పొద్దున అతను నా మెట్లెక్కి వచ్చాడు. చేతిలో నల్ల సంచీ, దాని పిడికి పసుపు దారం.

“అత్తయ్య ఇక్కడ పెట్టమన్నారు ఆంటీ. ఈ రోజు బాగుందట.”

నేను కంప్యూటర్ నుంచి తల తిప్పకుండా అన్నాను. “ఎస్టీడీ బూత్‌ల సంచులు పెట్టరు బాబూ.”

అతను కదల్లేదు. చెవులు ఎర్రబడ్డాయి. “సారీ ఆంటీ. అప్పుడేదో అనేశాను.”

“మార్చి తొమ్మిది. మంగళవారం. ఇంకోటి ఆగస్టు ఇరవై ఆరు.”

“రెండూ గుర్తున్నాయా?”

“పాస్‌పోర్టు పెట్టినవా అండ్ల?”

“పెట్టాను ఆంటీ.”

అలమారలో పై అర చూపించాను. అతను సంచీ పెట్టి, జరిపి, మళ్ళీ సరిచేశాడు. నేను టీ తెప్పించాను. ఈసారి తాగాడు.